నాదదేవతకు బిందెడు నీళ్ళు

నిరుడు వేసవి పంటకు కాలువ నీళ్ళు ఇవ్వరని తేలిపోయిన వారానికే మా ఆయన చెన్నకేశవరావు గారు వ్యవసాయరంగం నుంచి తాత్కాలికంగా విరమించి, నాదలోక విజయయాత్రకు బయలుదేరారు. సింధనూరు దగ్గర ఎడమ కాలువ మీద మాదొక క్యాంపు, తెలుగునాటి నుంచి వలస వచ్చిన రైతుల ఊరు. వరి మళ్ళు నెర్రెలు విచ్చే వేసవుల్లో ఇక్కడి ఆసాములు కొందరు పేకాటకు పోతారు, కొందరు రాజకీయాలకు పోతారు. మా వారిది ఉత్తమాభిరుచి గనక వాల్వులకు పోయారు.

నేను తెలుగులో ఎం.ఏ. పట్టా పుచ్చుకుని, దాన్ని ధాన్యం బస్తాల వెనక భద్రపరచినదాన్ని. పురవర్ణనలకూ రాజసభావర్ణనలకూ పనికొచ్చే మాటలు నా దగ్గర వాడకం లేక మూలుగుతూ ఉండేవి. వాటికి ఆ వేసవిలో మా ముందుగది రూపంలో యోగం పట్టింది. తూర్పు గోడకు ద్వారపాలకుల్లా రెండు నిలువెత్తు స్పీకర్లు. నడుమ నల్లరాతి పీఠం. పీఠం మీద వాల్వుల యాంప్లిఫైయరు. పాతకాలపు రేడియోలలో వెలిగే గాజు వాల్వులే, కాకపోతే ఇవి రాజవంశానికి చెందినవి. వెలిగించి అరగంట సేపు కాగనిస్తే గాని వాటికి పాట మీద మనసు రాదు. కింద మంత్రిస్థానంలో కంప్యూటరు. పాటలన్నీ దాని కడుపులో అంకెలై పడుకుని ఉంటాయి. వాటి నిద్రకు భంగం కలగరాదని ఫ్యాను కూడా లేని కంప్యూటరును తెప్పించారు. వాల్వుల వేడి ఏలినవారికి తగలకుండా గోడకు ఏసీ. గదిలో కుర్చీ ఒక్కటే. రెండు స్పీకర్ల ధ్వనీ సమంగా వచ్చి కలిసే చోటు అదొక్కటేనట. సామ్రాజ్యాలలో కూర్చునే చోటు ఒక్కటే ఉండడం కొత్త సంగతి కాదు గనక నేను గడపలో నిలబడి వినేదాన్ని.

ఇంతటి సామ్రాజ్యానికీ ఒక శత్రువుండేవాడు. పాట ఆగినప్పుడు, రాగం సన్నబడినప్పుడు, స్పీకర్ల అడుగు నుంచి 'గుయ్' మని ఒక మోత.

"వినపడుతోందా?" అనేవారు మా వారు కళ్ళు మూసుకుని.

"చెవిలో చీమ దూరినట్టుందండీ."

"చీమ కాదే, కరెంటు. లైన్లో ఉన్న మురికంతా పాటలోకి దిగుతోంది. పాట వెనకాల నిశ్శబ్దం ఉండాలే హనుమాయీ. నల్లటి నిశ్శబ్దం. అది లేకపోయాక మన సిస్టానికీ పెళ్ళిపందిట్లో మైకుకీ తేడా ఏవుంది?"

ఆ మోతను నాకంటే శ్రద్ధగా విన్నది యంకమ్మ. మా ఇంట్లో అంట్లు తోమి, నేల తుడిచే మనిషి. దేవదుర్గ వైపు నుంచి వచ్చి కాలువగట్టున గుడిసె వేసుకున్న కుటుంబం వాళ్ళది. తుడుస్తున్న గుడ్డ వదిలేసి స్పీకరు వెనక్కి తొంగి చూసింది.

"ఏంది ధణీ, ఇంట్ల తుమ్మెద జొచ్చినట్టున్నది? చీపురు దెచ్చి కొట్టాల్నా?"

ధణి అంటే ఇక్కడి కన్నడంలో యజమాని. ఆ పిలుపు మా వారికి యాంప్లిఫైయరంత ఇష్టం.

"తుమ్మెద కాదు యంకమ్మా. మోత వేరు, నాదం వేరు. నాదంలోకి మోత చేరింది."

"ఏదైతేంది ధణీ, రెండూ ఆవాజే కద."

ఆవాజ్. పాత రాయచూరు తెలుగులో మోతకూ, పాటకూ, మనిషి గొంతుకూ కలిపి ఈ ఒక్క మాటే. మా వారు వేరువేరు గదుల్లో పెట్టి తాళాలు వేసిన వస్తువులన్నిటినీ యంకమ్మ ఒకే గంపలో వేసి నెత్తిన పెట్టుకుందని నాకు నవ్వొచ్చింది. ఆ గంప అడుగున ఆమె ఏం మోస్తోందో మర్నాడు తెలిసింది.

మర్నాడు పని ముగించాక కూడా ఆమె పోలేదు. గడప దగ్గర నిలబడి, కొంగుముడి విప్పి, అద్దం పగిలిన ఫోను తీసింది.

"ధణీ, నీ మిషను ఆవాజ్‌ను సాఫ్ చేస్తదంట కద. నా బిడ్డ ఆవాజ్ ఒకటున్నది దీంట్ల."

మంజమ్మ సంగతి మాకు తెలుసు. అంతకు ముందటి ఏడు కూడా రెండో పంట లేక కూలిజనమంతా మేడలు కట్టడానికి బెంగుళూరు పోతే, ఆ గుంపులో యంకమ్మ కూతురూ పోయింది. అక్కడ పరంజా కూలి, మళ్ళీ పోయింది. తెలుగులో ఈ రెండు పోవడాలకూ ఒకటే క్రియ. ఆ ఉదయమే పిల్ల తల్లికి ఫోనులో మాట పంపింది. "అమ్మా, నేను మంజిని. నాగప్ప మామ చేతికి..." అన్నంత వరకు తెలుస్తుంది. ఆ తర్వాత కంకర కలిపే మిషను రొద. ఆ రొదలో సన్నగా ఏదో గొంతు. చివర, మిషను ఊపిరి తీసుకున్నప్పుడు, "మరువకమ్మా."

"ఏం మరువొద్దనిందో ఎట్ల తెల్వాలె ధణీ? గుంపు మేస్త్రి నాగప్పనడిగితే, నాకేం చెప్పలేదంటడు. బిడ్డ బట్టల మూట, చెప్పులు, పళ్ళెం దెచ్చి నా ముంగట పెట్టిండు. యాడాదయింది. అన్నం తింటుంటె యాదికొస్తది, పండుకుంటె యాదికొస్తది. నేను ఏదో మర్శిపోతున్న, ఏం మర్శిపోతున్ననో తెల్వదు."

మా వారు ఫోనును చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నారు. ఇన్నాళ్ళూ తన సామ్రాజ్యానికి ప్రయోజనం ఏమిటని అడిగినవాళ్ళందరికీ జవాబు దొరికినట్టు ఆయన ముఖం వెలిగింది.

"కంకర మిషను రొదని కంప్యూటర్లో కోసి పారేస్తాను. కానీ మిగిలే గొంతు చీమంత ఉంటుంది యంకమ్మా. దాన్ని పెంచితే మన ఇంటి గుయ్ కూడా పెరిగి మింగేస్తుంది. ముందు దీని పీక నొక్కాలి. దానికి మంచి ఎర్తు కావాలి."

అలా మా పెరట్లో భూమిపూజ జరిగింది. గుంత తవ్వింది యంకమ్మ మొగుడు శరణప్ప. నడుములోతు దిగి ఒకసారి, మనిషిలోతు దిగి ఇంకోసారి "చాలునా ధణీ?" అని అడిగాడు. రెండుసార్లూ చాలదన్నారు. అడుగున రాగిరేకు, దాని మీద బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా. నడుమ ఇనుప గొట్టం, గొట్టం మూతికి గరాటు. క్యాంపుల్లో బోరు మోటార్లు బాగుచేసే మా తమ్ముడు నాగేంద్రబాబు వచ్చి, గొట్టం నుంచి ముందుగదిలోకి రాగితీగ లాగాడు.

"రోజూ పొద్దున్నే గరాటులో బిందెడు నీళ్ళు పొయ్యాలక్కా. భూమి తడిగా ఉంటేనే కరెంటు మురికి అందులోకి దిగుద్ది."

"నేను పోస్త," అంది యంకమ్మ వెంటనే.

గుంత గట్టున చెమట తుడుచుకుంటున్న శరణప్ప నవ్వాడు. "నాకు చెంబు నీళ్ళియ్యనీకె చేతులు నొస్తయి. గొట్టానికి బిందె పోస్తదంట."

"నీకు పోస్తె నీ ఆవాజ్ బంద్ అయితదా? దీనికి పోస్తె అయితది," అంది యంకమ్మ.

శరణప్ప ఆ వారమే చిక్కసూగూరులో గోదాము పనికి పోయాడు. యంకమ్మ మాత్రం పొద్దున్నే బిందెతో వచ్చేది. మూడో నాటికో నాలుగో నాటికో చూద్దును గదా, గొట్టానికి పసుపు, కుంకుమ, ఒక వేపమండ.

"ఇదేమిటే?"

"భూమిల తల్లి మనకోసం ఇంత ఆవాజ్ తింటున్నది. ఉత్తగ తినుమంటె ఎట్లక్కా?"

నేను ఆ గొట్టానికి నాదదేవత అని నామకరణం చేశాను. క్యాంపులో పెద్ద దేవతలెవరికీ జరగని నిత్యాభిషేకం ఆమెకు జరుగుతోందని మా వారితో అన్నాను. ఆయన నవ్వలేదు. నిజంగానే మోత తగ్గుతోందన్నారు.

వినే రోజు రానే వచ్చింది. వాల్వులు కాగాయి. మా వారు ఆ ఒక్క కుర్చీని చూపించి "కూర్చో యంకమ్మా" అన్నారు. ఆ మాట ఆయన నాతో ఎన్నడూ అనలేదు. యంకమ్మ వద్దు వద్దంటూ కుర్చీ అంచున, ఏ క్షణానైనా లేవడానికి వీలుగా కూర్చుంది. మీట నొక్కగానే గదిలో ఏమీ వినిపించలేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని ఆయన వేలెత్తి నాకు చూపించారు. నల్లటి నిశ్శబ్దం. అందులోంచి, రెండు స్పీకర్ల నడుమ పిల్ల నిలబడి ఉన్నంత దగ్గరగా, కొంచెం ఆయాసపడుతూ ఒక గొంతు వచ్చింది.

"అమ్మా, నేను మంజిని. నాగప్ప మామ చేతికి చెప్పులు పంపిస్తున్న. నాయి కావు, నీయే. నీ కాలుకు పెద్దగనే తీస్కున్న. ఒట్టికాళ్ళ తిరగకు, చేన్ల ముండ్లున్నయి, పురుగున్నది. దాచిపెడ్తవు, నాకు తెల్సు. దాచకు. ఏస్కో. మరువకమ్మా."

యంకమ్మ స్పీకర్ల నడుమ ఖాళీ వైపే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నాయా అక్కా అవి?"

నేను తలూపాను.

"బిడ్డవి అనుకొని పెట్టెల పెట్టిన. జూస్తె తట్టుకోడని మా ఆయనకు గూడ సూపలే. అమాసకు తీసి పసుపు పెడుతున్న. ఇంత పెద్దగున్నయేంది, పట్నం పోతె పిల్ల కాళ్ళు పెరిగినయా అనుకున్న." ఆమె నవ్వింది, నవ్వు నడుమలోనే కొంగు నోట్లో కుక్కుకుంది.

మా వారు యాంప్లిఫైయరు వైపు తిరిగి ఏదో మీట సరిచేశారు. ఆ వైపున మీటలేమీ లేవు.

పోతూ పోతూ ఆమె ఒక మాట అడిగింది. "ధణీ, మా ఆయన ఏరువాక పున్నానికొస్తడు. ఆయప్పను గూడ ఈ కుర్చీల కూసోబెట్టి వినిపిస్తవా? ఫోన్ల చెప్పను. బిడ్డ చెప్తె వినాలె."

మర్నాటి నుంచి యంకమ్మ చెప్పులు వేసుకుంది. ముదురాకుపచ్చ పట్టీలు, మందమైన అట్ట. అలవాటు లేని కాళ్ళు గనక టప్పు టప్పుమని మోగేవి. గోడ అవతల ఈగ వాలినా పాట ఆపే మనిషి, ఆ చప్పుడుకు మాత్రం ఒక్కరోజూ ఆపలేదు. ఆమె వాటిని మా పెరటి గుమ్మం దాకా తెచ్చేది, కళ్ళాపి జల్లేటప్పుడూ వేసుకునేది. గొట్టం దగ్గరికి నీళ్ళతో పోయేటప్పుడు మాత్రం గుంత అంచున విడిచేది, రెండూ జతగా, ముక్కులు ఇంటివైపు ఉండేట్టు.

"నీ కూతురు ఏస్కోమంది గదే," అన్నాను ఒకనాడు.

"తల్లి కాడికి చెప్పులేస్కొని పోతరా అక్కా? ఈమె ఆవాజ్ తింటెనే గద బిడ్డ ఆవాజ్ వచ్చింది."

"వచ్చేసింది గదా. ఇంకెందుకు నీళ్ళు?"

"పని అయిందని ఎండబెడ్తనా?"

 భక్తి అనే మాటకు నా ఎం.ఏ. లో లేని మంచి వ్యాఖ్యానం దొరికిందని మురిసి లోపలికి వచ్చాను.

ఏరువాక పున్నానికి ఇంకా వ్యవధి ఉండగా గాలివాన వచ్చింది. క్యాంపు దారిలో స్తంభాలు ఒరిగాయి, తీగలు తెగి మళ్ళలో పడ్డాయి. మా ఇంట్లో దీపాలు ఒకసారి గుడ్లురిమి, ఒకసారి గుడ్లు తేలేసి, ఆరిపోయాయి. లైన్‌మన్‌కు ఫోను చేస్తే, మాకంటే ముందు పన్నెండు ఊళ్ళున్నాయన్నాడు. ఆ ఉక్కలో మా వారు చెమటతో చల్లారిన వాల్వుల ముందు, కోట పోయిన రాజులా కూర్చున్నారు. నాగేంద్రబాబు వచ్చి స్తంభం కేసి చూశాడు.

"బావా, కరెంటు వచ్చే తీగ బాగానే ఉంది. తిరిగి పోయే తీగ, న్యూట్రల్, అది తెగింది. లైన్‌మన్ వచ్చిందాకా ఆ పని మన ఎర్తు చేత చేయిద్దాం. క్యాంపుల్లో సగం మోటార్లు అట్టాగే తిరుగుతున్నయ్యి. ఇంత మంచి ఎర్తు తాలూకాలో ఎవడికుంది?"

ఆ పొగడ్త మా వారికి తగిలింది. "కట్టెయ్యవోయ్," అన్నారు.

"ప్రమాదం లేదుగదరా?" అన్నాను నేను.

"ఇంట్లో మనకేం భయం లేదక్కా. గొట్టం పెరట్లో ఉంది గదా."

ఇంట్లోకి వచ్చిన కరెంటంతా తన పని ముగించుకుని ఆ గొట్టం గుండా భూమిలోకి దిగే ఏర్పాటు జరిగింది. దీపాలు వెలిగాయి. ఫ్రిజ్ తిరిగింది. ఏసీ తిరిగింది. గొట్టం పెరట్లో ఉందన్నది మా ముగ్గురికీ తెలుసు. పొద్దున్నే పెరట్లోకి ఎవరొస్తారన్నదీ తెలుసు. ఈ రెండు సంగతులూ ఆ సాయంత్రం ఒకదానికొకటి ఎదురుపడలేదు. కరెంటు మగవాళ్ళ విద్య, నీళ్ళు పోయడం యంకమ్మ పూజ. మా ఇంట్లో అవి వేరువేరు గదులు.

ఉదయం నేను వంటింట్లో ఉన్నాను. మిద్దె మీద తొట్టికి నీళ్ళెక్కించే మోటారు వేసి ఉంది. ముందుగదిలో ఏసీ నడుస్తోంది, వాల్వులు కాగుతున్నాయి. పెరట్లో టప్పు టప్పుమని అడుగులు వచ్చాయి, ఆగాయి. కాసేపటికి బిందె పడిన చప్పుడైంది.

"ఏవిటే ఆ చప్పుడు?" అన్నారు మా వారు లోపల్నుంచి.

నేను గుమ్మంలోకి వచ్చేసరికి యంకమ్మ గొట్టాన్ని కావలించుకున్నట్టు ఒరిగి ఉంది. నేల అంతా తడి. నేను కేకవేసి అడుగు ముందుకు వెయ్యబోతే, రాత్రి మా ఇంట్లోనే ఆగిపోయిన నాగేంద్రబాబు వెనక నుంచి జబ్బ పట్టుకుని లాగి, పరుగెత్తి మెయిన్ దించాడు. మోటారు ఆగింది, ఏసీ ఆగింది. ముందుగదిలో స్పీకర్లు మాత్రం అంతసేపూ మౌనంగానే ఉన్నాయి. ఒక మనిషి గుండా కరెంటు పోతున్నప్పుడు కూడా వాటిలో గుయ్ అన్న మాట రాలేదు. అంత మంచి ఎర్తు అది.

గుంత అంచున ముదురాకుపచ్చ చెప్పులు జతగా ఉన్నాయి, ముక్కులు ఇంటివైపు.

జనం చేరకముందే నాగేంద్రబాబు గొట్టానికి కట్టిన తీగ విప్పేశాడు. విచారణకు వచ్చినవాళ్ళు తెగిన లైన్లనూ, తడిసిన నేలనూ చూసి గాలివానను దోషిగా నిర్ణయించారు. గాలివాన తన తరఫున ఎవరినీ పంపలేదు. మా ఇంట్లో ఎవరమూ అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకున్నాం. మా వారు ఆ తర్వాత వాల్వులు వెలిగించలేదు.

లైను బాగుపడింది. శరణప్ప చిక్కసూగూరు నుంచి వచ్చి యంకమ్మ దినం ముగించాడు. ఏరువాక పున్నమి నాటి మధ్యాహ్నం శరణప్ప మా ఇంటికి వచ్చాడు. మేము అన్నీ ఒకచోట పెట్టి ఉంచాం: సొట్టపడిన బిందె, ఫోను, చెప్పులు. అతను బిందె తీసుకున్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు పక్కకు జరిపాడు.

"ఇవి మావి కాదక్కా."

"యంకమ్మవే శరణప్పా."

"యంకి ఏనాడు చెప్పులేస్కున్నది? ఎవరియో ఇవి. మాకెందుకు పరాయి సొమ్ము?"

నేను మా వారి వైపు చూశాను. ఆయన లేచి, గోడ పట్టుకుని ముందుగదిలోకి నడిచి, వాల్వులు వెలిగించారు. కుర్చీ చూపించారు. శరణప్ప నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాల్వులు కాగడానికి అరగంట. అంతసేపూ ముగ్గురం వాటినే చూస్తూ ఉన్నాం.

"ఆ గుంతల నీళ్ళు దేనికి ధణీ?" అన్నాడు శరణప్ప, వాల్వుల మీద నుంచి చూపు తిప్పకుండానే.

"ఆవాజ్ సాఫ్‌గా రావడానికి," అన్నారు మా వారు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

"రోజు పోసేటిదే కద. మరి ఆనాడేమాయె?"

కంప్యూటరు కూడా ఊపిరి తీయని ఆ గదిలో మా వారు గొంతు సవరించుకున్నారు.

"ఆనాడు ఇంటి కరెంటంతా ఆ గొట్టానికి కట్టించాను. ఆమెకు చెప్పలేదు."

శరణప్ప అరుస్తాడని ఎదురుచూశాను. లేచి ఏదైనా పగలగొడతాడని ఎదురుచూశాను. పగలగొడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను తన అరచేతుల్ని మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని చూసుకున్నాడు.

"గుంత నేనే తవ్విన," అన్నాడు.

వాల్వులు కాగాయి. మా వారు మీట నొక్కారు. రెండు స్పీకర్ల నడుమ పిల్ల వచ్చి నిలబడింది. చెప్పులు నీయే అంది, దాచకు అంది, ఏస్కో మరువకమ్మా అంది. శరణప్ప వినడం అయ్యాక కూడా తల ఒక పక్కకు వంచి అలాగే ఉన్నాడు, ఇంకేదైనా చెబుతుందేమోనని. తర్వాత లేచాడు. వసారాలోకి పోయి చెప్పులు తీసుకుని, దుమ్ము కండువాతో తుడిచి, చంకలో పెట్టుకున్నాడు. పెరటి దారినే, ఎండకు కాలే నేల మీద, ఒట్టికాళ్ళతో గట్టు వైపు నడిచి పోయాడు.

స్పీకర్లలో మోత లేదు. చెవి ఎంత పెట్టినా ఏమీ లేదు. మా వారు వేసవి అంతా కోరుకున్న నల్లటి నిశ్శబ్దం అదే. కుర్చీ ఖాళీగా ఉంది. మీట కట్టేయడానికి మా ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.